రెండొందల నలభై ఎనిమిది కాడ

ఫస్టు బస్సుకు పోయి
ఇద్దయ్య హైదరాబాదు నుంచి నైట్రోజన్ తెచ్చిండు.
క్యాన్ మూతి నుంచి పొగలు లేస్తుంటె
డ్రైవరు ఎక్కనియ్యనన్నడట.
"పేలదన్నా, సల్లటి గాలి, అంతే" అని బతిమాలి
నల్లగొండ దాక కాళ్ల సందుల పెట్టుకొని కూసున్నడు.
సగం దారిలనే ఆవిరైంది.
మిగిలిన సగం మా ఇద్దరికీ ఒక రాత్రి.

బయట లతీఫ్ సాహెబ్ గుట్ట
పొద్దంత తాగిన ఎండను కక్కుతున్నది.
లోపల, ఉక్కు గొట్టం అడుగున,
డెబ్బై ఏడు కెల్విన్ల చీకట్ల
అంగీ గుండీ అంత బిళ్ల, మా ఊరి పేరంత నల్లది.
లాంథనం, కాల్షియం, మాంగనీసు, ఆక్సిజన్.
కాల్షియం సీసా ముంబైది.
మిర్యాలగూడ దాక సున్నపురాయే పరుచుకున్నా
మన రాయి మన పరీక్షకు పనికిరాలే.

వెంట్రుకంత తీగలు నాలుగు, వెండి పూతతో అతికించిన.
నా ఊపిరికే రెండుసార్లు ఊడినయి.
బయటి రెండిట్ల కరెంటు పోతది,
లోపలి రెండు అడుగుతయి: ఎంత కష్టపడ్డవ్?

"ఏం జూస్తున్నం మేడం?"
"నడక" అన్న. "లోపల ఛార్జి ఎట్ల నడుస్తదో."

పుస్తకం మాటేదీ నోటికి రాలే.
ఇద్దయ్య పెండ్లాం స్లాబు ముఠాల పోతదని యాదికొచ్చింది.
మెట్టుకొకరు నిలబడి
చేతి నుంచి చేతికి సిమెంటు తట్ట.
పక్కమనిషి ఇటు మొఖం పెట్టి ఉంటెనే అందుతది.
మాంగనీసుకూ ఒక మొఖం ఉంటది,
అది చిన్న అయస్కాంతం.
సల్లగున్నప్పుడు అన్నీ ఒక్క దిక్కే చూస్తయి.
ఛార్జి ఆక్సిజన్ మీదుగ
ఈ చేతుల నుంచి ఆ చేతులకు
బరువు తెల్వకుంట జారిపోతది.

"మరి ఖాళీ తట్టలు?"

నేను పెన్ను కింద పెట్టిన.
రెండేండ్ల సెమినార్లల్ల ఎవ్వరూ అడగలే.
ఈ బిళ్లల మేం లెక్కబెట్టేది వాటినే ఇద్దయ్యా,
లేనితనం ఎదురు నడుస్తుంటె
దాన్నీ కరెంటే అంటం.

నూట యాభై. నూట తొంభై.
అంకె మెల్లగ ఎక్కుతున్నది.
వేడంటె ఏంది? మధ్యాన్నం రెండు గొట్టంగ
ఒకామె నీళ్ల బిందె దిక్కు తిరుగుతది,
ఒకడు బీడీ దిక్కు,
ఇంకొకామె చీర ఊయలల ఏడ్చే పిల్ల దిక్కు.
తట్ట ఎవరి నెత్తినో ఆగుతది.
ఆగిన ఛార్జి ఊకె ఉండదు,
నల్లరేగట్ల దిగబడ్డ బండి లెక్క
చుట్టుపక్కల పరమాణువులను కుంగదీసి గుంత జేసుకుంటది.
ఇగ కదలాలంటె
ఆ గుంతను గూడ మోసుకొని కదలాలె.

రెండొందల పదిహేను.
అయస్కాంతం స్విచ్చేసిన.
మేస్త్రి కేకేసినట్టు కొన్ని మొఖాలు ఇటు తిరిగినయి.
అంకె దిగింది. ఆపిన. ఎక్కింది.
"మేస్త్రి ఉంటెనే పని" అని నవ్విండు ఇద్దయ్య.
నేను నవ్వలే.
అందరి మొఖాలూ ఒక్క దిక్కు తిప్పే కేకలు
ఊర్లల్ల ఏం జేసినయో చూసిన.
నోట్‌బుక్ అంచున రాసుకున్న:
ఇది మాంగనీసు సంగతి. మాంగనీసుదే.

రెండొందల ముప్పై తొమ్మిది కాడ కరెంటు పోయింది.
యూపీఎస్ బ్యాటరీ మార్చిలనే సచ్చింది.
ఫ్యాను ఆగినంక గుట్ట వేడి గదిలకు నడిచొచ్చింది.
ఫోను వెలుతురుల ఇద్దరం గొట్టాన్ని చూస్తున్నం.
ఎవ్వరు చూసినా చూడకున్నా అది వేడెక్కుతది,
రెండొందల నలభై ఎనిమిది దాటుతది.
నాకు కావాల్సింది ఆ ఒక్క శిఖరమే.
అక్కడ బిళ్లల సగం జాగల వరుస నిలిచుంటది,
సగం జాగల చెదిరుంటది,
ఛార్జీలు ఒక దీవి నుంచి ఇంకో దీవికి
చీకట్ల దారి దేవులాడుకుంటయి.
గ్రాఫుల ఆ చోటు తెల్లకాగితం.

గంట నలభై నిమిషాలకు వచ్చింది కరెంటు.
రెండొందల డెబ్బై ఒకటి. దిగుతున్న అంకె.

ఇద్దయ్య ఏమనలే.
క్యాన్ మూత బిగించి, భుజానికెత్తుకున్నడు.

పొద్దుగాల ఐదింటికి
ఖాళీ క్యాన్ హైదరాబాదు బస్సెక్కింది.
దాన్నీ లెక్కల రాసిన.